ఎండకు కమిలిన చర్మము

వేసవి మధ్యాహ్నమున ఆరుబయట తిరిగి వచ్చినవారి మెడయు ముంజేతులును ఎఱ్ఱబడి మండుచుండగా, అది ఎండ వేడిమి వలన కలిగిన బాధయని తలంచుట పరిపాటి. కాని చర్మమును కమల్చునది వేడిమి కాదు, ఆ వెలుగులో కంటికి కానరాని యొక భాగము.

1800వ సంవత్సరమున విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకముచే విడదీసి, ఎఱుపు రంగునకు ఆవల ఉష్ణమానిని నుంచి, అచ్చట కనబడని ఉష్ణకిరణములు కలవని కనుగొనెను. మఱుసటి యేడే జర్మనీలోని యేనా పట్టణమున యోహాన్ రిట్టర్, ఊదారంగునకు ఆవల సిల్వర్ క్లోరైడు మిక్కిలి వేగముగ నల్లబడుట చూచి, అతినీలలోహిత కిరణముల జాడ తీసెను. వడదెబ్బకు మూలము వేడిమి. చర్మము కములుటకు మూలము ఈ రెండవవి. ఈ భేదము నెఱుగకపోవుట చేతనే, సముద్రపుటొడ్డున చల్లగాలికి మఱచి కూర్చున్నవారును, పలుచని మబ్బును నమ్మి బయలుదేఱినవారును, అమరనాథయాత్రలో చలికి వణకుచు మంచుపై నడచినవారును సాయంకాలమునకు కమిలిన ముఖములతో ఆశ్చర్యపడుదురు. ఎత్తు పెరిగినకొలది ఈ కిరణములు తీవ్రమగును. తాజా మంచు తనపై బడినవానిలో 80 శాతము వఱకు తిరిగి పైకి చిమ్మును గాన గడ్డము క్రిందను, ముక్కుపుటముల యొద్దను గూడ చర్మము కములును.

ఇందు మిక్కిలి మోసకరమైనది కాలవిలంబము. 280 నుండి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల కిరణములు చర్మకణములలోని డి.ఎన్.ఏ.ను గాయపఱుపగా, దేహము అచ్చటి రక్తనాళములను విప్పార్చి మరమ్మతునకు పూనుకొనును. ఎఱుపును మంటయు కొన్ని గంటలకు గాని పొడసూపవు, ఒక దినము గడచుసరికి గాని పరాకాష్ఠ నందవు. కావున మంట తెలిసిన పిదప నీడకు పోవుదమనువానికి అప్పటికే జరుగవలసిన హాని జరిగియుండును. పొర లూడి క్రొత్త చర్మము వచ్చినను, చక్కబడని గాయములు కొన్ని కణములలో నిలిచిపోయి, ఏండ్లు గడచిన తరువాత ముడుతలుగను, ఒక్కొక్కచో క్యాన్సరుగను పరిణమింపవచ్చును.

మన చర్మమున మెలనిన్ అను వర్ణద్రవ్యము కణకేంద్రముపై గొడుగువలె నిలిచి కొంత కాపాడును. ఆ కొంతనే సంపూర్ణరక్షణమని భ్రమపడరాదు. బొల్లి సోకిన చోట ఆ గొడుగే యుండదు. డాక్సిసైక్లిన్ వంటి మందులు వాడువారికి స్వల్పపు టెండకే చర్మము కములును.

కమిలినచోట చల్లని నీట తడిపిన గుడ్డ వేయవలెను. మంచుగడ్డ నేరుగ పెట్టరాదు, వెన్నయు నెయ్యియు పూయరాదు. కలబంద గుజ్జు ఉపశమన మిచ్చును. బొబ్బలను చిదుపక, నీరు విరివిగ త్రాగవలెను. జ్వరము, వాంతులు, విస్తారముగ బొబ్బలు కలిగినచో వైద్యుని చూడవలెను.

నివారణమునకు వస్త్రమును మించినది లేదు. మిరపచేలలో కూలికి పోవు స్త్రీలు చీరపై పొడుగుచేతుల మగవారి చొక్కా తొడిగి, తలకు గుడ్డ చుట్టుకొనుట ఏ శాస్త్రగ్రంథమును చదివి నేర్చినది కాదు, అయినను శాస్త్రసమ్మతమే. ఉదయము 10 మొదలు సాయంకాలము 4 వఱకు నీడ నాశ్రయించుట మేలు. ఆరునెలలు నిండని శిశువులకు నీడయు వస్త్రమునే శరణ్యము. తక్కినవారు ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గని సన్‌స్క్రీన్ లేపనమును దళముగ పూసికొని, రెండు గంటల కొకసారియు, చెమటకు కాఱిపోయిన వెంటనేయు మరల పూయవలెను. పలుచగ రాచిన లేపనము డబ్బీపై వ్రాసిన రక్షణ నీయజాలదు. అంత విరివిగ వాడుటకు అయ్యెడి వ్యయము, ఎండలో పనిచేయక పూట గడవని బొల్లి రోగికి మోయరాని భారము. అట్టివారికి లేపనము సౌందర్యసాధనము గాక ఔషధమే గనుక, ప్రభుత్వ వైద్యశాలలు తక్కిన మందులతోపాటు దానిని ఉచితముగ నిచ్చుట న్యాయమని నా దృఢాభిప్రాయము.