యాప్ ఐకాన్‌పై బ్యాడ్జి సంఖ్య: అసలు సమాచారంతో సరిపోయేలా ఉంచడం

ప్రవేశిక

మొబైల్ తెరపై యాప్ ఐకాన్ మూలన చిన్న వృత్తంలో కనిపించే అంకెను బ్యాడ్జి అంటారు. చదవని సందేశాలు ఎన్ని ఉన్నాయో యాప్ తెరవకుండానే అది తెలుపుతుంది. అయితే ఆ అంకె అసలు సమాచారం కాదు, దానికి నకలు మాత్రమే. అసలు మారినప్పుడు నకలు మారకపోతే వినియోగదారులు పొరపడతారు. తరగతి తేదీ మారిందన్న సందేశం వచ్చినా బ్యాడ్జి కనిపించకపోతే విద్యార్థి పాత తేదీకే బస్సెక్కుతాడు. చదివేశాక కూడా అంకె పోకపోతే, కొన్నాళ్లకు దాన్ని పట్టించుకోవడమే మానేస్తాడు. ఈ భాగంలో అంకె ఎందుకు తప్పుతుందో, దాన్ని సరిగా ఎలా ఉంచాలో తెలుసుకుందాం.

తేడా ఎలా వస్తుంది?

ఈ ఉదాహరణను గమనించండి. ఒక విద్యార్థిని ఫోనులోనూ టాబ్లెట్‌లోనూ ఒకే యాప్ వాడుతోంది. చదవని సందేశాలు 5. టాబ్లెట్‌లో 3 చదివింది కనుక మిగిలినవి 2. ఫోను ఐకాన్‌పై మాత్రం ఇంకా 5 ఉంది. ఇప్పుడు కొత్త సందేశం ఒకటి వచ్చింది. వచ్చినప్పుడల్లా ఒకటి కలిపే పద్ధతిలో ఫోను 6 చూపుతుంది. నిజానికి ఉన్నవి 3. ఈ తేడా తనంతట తాను పోదు, తరువాతి ప్రతి కూడికలోనూ కొనసాగుతుంది.

కాబట్టి మొదటి సూత్రం ఇది: బ్యాడ్జిని కూడికలు, తీసివేతలతో నడపకూడదు. ప్రతిసారీ అసలు సమాచారం నుంచి కొత్తగా లెక్కించాలి. సర్వర్ తానే లెక్కించి 3 అని పంపితే, అంతకుముందు ఫోనులో ఏ అంకె ఉన్నా తప్పు సరిదిద్దబడుతుంది.

ఐఓఎస్‌లో

ఆపిల్ నోటిఫికేషన్లలోని 'బ్యాడ్జ్' విలువ ఐకాన్‌పై చూపవలసిన అంకె, కలపవలసిన అంకె కాదు. 0 పంపితే బ్యాడ్జి తొలగిపోతుంది. విలువే పంపకపోతే పాత అంకె అలాగే ఉంటుంది. ఈ రెండింటి భేదాన్ని గుర్తుంచుకోండి. వచనం, శబ్దం లేకుండా బ్యాడ్జ్ విలువను మాత్రమే పంపవచ్చు. పై ఉదాహరణలో టాబ్లెట్‌లో 3 సందేశాలు చదివిన వెంటనే సర్వర్ ఫోనుకు 2 అని పంపాలి.

అయితే ప్రతి నోటిఫికేషన్ చేరుతుందన్న హామీ గాని, పంపిన వరుసలోనే చేరుతుందన్న హామీ గాని లేదు. అందుచేత యాప్ తెరిచిన ప్రతిసారీ సర్వర్ నుంచి సరైన సంఖ్య తెచ్చి ఐకాన్‌పై మళ్లీ ఉంచాలి. ఇందుకు ఐఓఎస్ 16 నుంచి 'సెట్‌బ్యాడ్జ్‌కౌంట్' అనే ఫంక్షన్ ఉంది.

ఆండ్రాయిడ్‌లో

ఆండ్రాయిడ్ 8.0తో నోటిఫికేషన్ చుక్కలు వచ్చాయి. ఇవి చదవని సందేశాలతో కాక, తెరపై మిగిలి ఉన్న నోటిఫికేషన్లతో ముడిపడి ఉంటాయి. నోటిఫికేషన్‌ను పక్కకు జరిపి తొలగిస్తే, సందేశం చదవకపోయినా చుక్క పోతుంది. కాబట్టి సందేశం చదివిన వెంటనే దానికి చెందిన నోటిఫికేషన్‌ను యాప్ రద్దు చేయాలి. చదవనివాటి కచ్చితమైన సంఖ్యను యాప్ లోపల కూడా చూపాలి.

నెట్ లేనప్పుడు

నెట్ లేని చోట చదివిన సందేశం సంగతి సర్వర్‌కు తెలియదు. అప్పుడు యాప్ ఆ సందేశాల గుర్తింపు సంఖ్యలను దాచుకుని, నెట్ రాగానే పంపాలి. "ఒకటి తగ్గించు" అని పంపితే, అదే అభ్యర్థన రెండుసార్లు చేరినప్పుడు లెక్క తప్పుతుంది. "ఫలానా సందేశం చదివారు" అని పంపితే ఎన్నిసార్లు చేరినా ఫలితం ఒకటే. వినియోగదారు లాగౌట్ చేసినప్పుడు బ్యాడ్జిని 0 చేసి, ఆ ఫోనుకు పంపడాన్ని సర్వర్ ఆపాలి. లేకుంటే ఒకరి లెక్క మరొకరికి కనిపిస్తుంది.

సారాంశం

లెక్కకు ఆధారం ఒకటే ఉండాలి, అది సర్వర్‌లోని సమాచారం. బ్యాడ్జి దానికి ప్రతిబింబం. మార్పు జరిగినప్పుడు పూర్తి సంఖ్య పంపాలి, యాప్ తెరిచినప్పుడు సరిచూడాలి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. బ్యాడ్జ్ విలువ 0 పంపడానికి, అసలు పంపకపోవడానికి తేడా ఏమిటి?
2. చదవనివి 7. టాబ్లెట్‌లో 4 చదివాక కొత్తవి 2 వచ్చాయి. ఒక్కొక్కటి కలిపే పద్ధతిలో ఫోను ఎంత చూపుతుంది? సరైన సంఖ్య ఎంత?