జొన్న రొట్టె సరే.. చేసేదెవరు?

ఆరోగ్యం, పొదుపు, పర్యావరణం.. ఈ మూడూ మన పాత ఇండ్లల్లో ఒక్కటే పని. ఉమ్మడి కరీంనగర్‌, ఆదిలాబాద్‌ జిల్లాల ఇండ్ల నుంచి మళ్లీ నేర్చుకోవాల్సింది చాలానే ఉంది. మార్చుకోవాల్సింది మాత్రం ఒక్కటుంది!

హైదరాబాద్‌ హోటళ్లలో ఇప్పుడు జొన్న రొట్టె థాలీ ఒక ట్రెండ్‌. ముందు ఫొటో, తర్వాత స్టోరీ, ఆ తర్వాతే తిండి. అదే రొట్టె ఆదిలాబాద్‌ వైపు చాలా ఇండ్లల్లో పొద్దుగూకంగనే పెంక మీద కాలుతుంది. దానికి ‘మిల్లెట్‌ మీల్‌’ అని ఎవరూ పేరు పెట్టలేదు. రొట్టె, పప్పు, ఎల్లిపాయ కారం, పక్కన ఓ ఉల్లిగడ్డ.. అంతే!

ఇదొక్కటే కాదు. ఇప్పుడు మనం ‘కంపోస్ట్‌’ అంటున్నది ఒకప్పటి పెంటకుప్ప. ‘అప్‌సైక్లింగ్‌’ అంటే పాత చీరలతో కుట్టిన బొంత. ‘జీరో వేస్ట్‌ కిచెన్‌’ అంటే బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల పొట్టు పడ్డ కుడితి గోళెం. మన అవ్వలు ఇవన్నీ భూమిని కాపాడుదామని చేయలేదు. ఉన్నదాంట్ల ఇల్లు ఎల్లదీసుకోవాలని చేశారు. అట్ల చేస్తుంటే ఒంటికి, ఊరికి కూడా మేలు జరిగింది.

కానీ రీల్స్‌లో కనిపించని సంగతి ఒకటుంది. ఈ పనులన్నిటి వెనుక ఒక మనిషి నడుము ఉంది. అది ఎక్కువగా అమ్మదో, అవ్వదో! పాత అలవాట్లు మళ్లీ రావాలంటే ఆ బరువు ఒక్కరి మీద పడకూడదు. ఈ కథంతా అక్కడే తిరుగుతుంది.

రొట్టె లెక్క

ముందుగా జొన్న సంగతి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో విడుదల చేసిన పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు. పాలిష్‌ పట్టిన బియ్యంలో మూడు గ్రాములు కూడా ఉండదు. ఐరన్‌ జొన్నల్లో దాదాపు 4 మిల్లీగ్రాములు, బియ్యంలో ఒక మిల్లీగ్రాముకన్నా తక్కువే. ఇది చిన్న తేడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే సగానికన్నా ఎక్కువ మందికి!

మరి అంత మంచి తిండి ఎందుకు పోయింది? 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. శ్రీరాంసాగర్‌ కాలువల నీళ్లతో కరీంనగర్‌ వైపు వరి పెరిగింది. ఆదిలాబాద్‌ చేన్లల్లోకి పత్తి వచ్చింది. అన్నం వండటం కూడా తేలిక. కుక్కర్‌ పెట్టి పక్క పని చూసుకోవచ్చు. రొట్టె అట్ల కాదు. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం ఉండదు. వేడినీళ్లతో పిసికి, చేత్తో తట్టి, పెంక మీద వేసి, పైన నీళ్లు అద్ది, తిప్పి, పొంగేదాకా కాల్చాలి. ఒక్కోదానికి మూడు నిమిషాలు వేసుకున్నా పది రొట్టెలకు అరగంట. మే నెలలో, 45 డిగ్రీల ఎండ దంచిన రోజు, పొయ్యి ముందు అరగంట!

డబ్బు లెక్క కూడా నిజాయతీగా చూద్దాం. 2025 ఉగాది నుంచి రేషన్‌ కార్డు ఉన్న ఇంట్లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తున్నాయి. అలాంటప్పుడు జొన్నలు కొనుడు పొదుపెట్ల అవుతుంది? నిజమే, గింజల లెక్కలో కాదు. అందుకే రోజూ రొట్టె అని పంతం పట్టక్కర్లేదు. అన్నం శత్రువేం కాదు. వారంలో మూడు రాత్రులు రొట్టె తింటే చాలు. ప్యాకెట్‌ పిండి బదులు వారపు అంగడిలో జొన్నలు కొని, కొద్దికొద్దిగా గిర్నీ పట్టించుకుంటే ఖర్చు తగ్గుతుంది. పిండి తాజాగా ఉంటుంది, చేదెక్కదు. పక్కన నిమ్మకాయ బద్ద పెట్టుకుంటే ఐరన్‌ ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్‌ మాత్రం వద్దు, ఓ గంట ఆగాలి.

ఇక అసలు ప్రశ్న. ఆ మూడు రాత్రులు రొట్టె ఎవరు చేయాలి? ఒకరు తడుతుంటే ఇంకొకరు కాల్చాలి. రొట్టె తట్టుడు రాకపోతే నేర్చుకోవాలి. మొదటి వారం గుండ్రంగా రాదు. తినడానికి గుండ్రంగా ఉండాలని రూలేం లేదు కదా!

గ్యాస్‌ అడగని వంట

ఎండాకాలం వంటింట్లో నిలబడాలంటేనే భయం. మన దగ్గర దానికి ఉపాయం ఉంది, పచ్చిపులుసు. నానబెట్టిన చింతపండు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, ఉప్పు, నీళ్లు. పైన పోపు వేసుకుంటే రెండు నిమిషాల మంట, లేకుంటే అదీ లేదు. పక్కన ముద్దపప్పు ఉంటే పూట గడిచిపోతుంది.

పప్పు కూడా ముందే నానబెడితే తొందరగా ఉడుకుతుంది. కుక్కర్‌ విజిల్‌ వచ్చాక మంట తగ్గించాలి. బయట కుక్కర్‌ వాడకుండా ఉడికించేటప్పుడు మూత పెట్టాలి. చిన్న విషయాలే, కానీ 14.2 కిలోల సిలిండర్‌ ఇంకొన్ని రోజులు వస్తుంది. పొద్దున జొన్న అంబలో, మక్క గట్కనో అలవాటైతే మైదా బిస్కెట్ల ఖర్చు, వాటి ప్లాస్టిక్‌ రేపర్లు రెండూ తగ్గుతాయి.

రంజన్‌లో సైన్స్‌

ఎండాకాలం వచ్చిందంటే రోడ్ల పక్కన రంజన్లు వరుసగా కనిపిస్తాయి. మట్టి రంధ్రాల్లోంచి నీరు కొద్దికొద్దిగా బయటికి ఊరి ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు లోపలి నీళ్ల వేడిని తీసుకుపోతుంది. కరెంటు బిల్లు సున్నా. మన పొడి ఎండలకు ఇది బాగా సరిపోతుంది. గాలిలో తేమ పెరిగే వానకాలంలో మాత్రం అంత చల్లబడవు. అందుకే రంజన్‌ ఎండాకాలం చుట్టం.

గాలి ఆడే నీడలో, తడి ఇసుక మీద పెట్టాలి. చుట్టూ తడిబట్ట కట్టాలి. మూత తప్పనిసరి. రెండు మూడు రోజులకోసారి కడిగి నింపాలి. ఆ పని రంజన్‌ నీళ్లు అందరికన్నా ఎక్కువ తాగేవాళ్లది! ఇంటి నుంచి స్టీల్‌ సీసాలో ఈ నీళ్లు పట్టుకెళ్తే బస్టాండ్‌లో వాటర్‌ బాటిల్‌ కొనే పని ఉండదు.

మోరి నీళ్లు ఎటు పోతున్నాయి?

ఇంటి పొదుపులో మనం అసలు లెక్కపెట్టనిది దవాఖాన ఖర్చు. అది చాలాసార్లు ఇంటి ముందున్న మోరిలోనే మొదలవుతుంది. నిలిచిన మురుగులో క్యూలెక్స్‌ దోమ పెరుగుతుంది. బోదకాలు వ్యాధిని మోసేది అదే. ఉమ్మడి కరీంనగర్‌ పల్లెలకు ఈ వ్యాధి కొత్తది కాదు. వాచిన కాలు మళ్లీ మామూలు కావడం కష్టం. అందుకే ఏటా మాత్రలు మింగిస్తారు, బాధితులకు పింఛను ఇస్తున్నారు. కానీ దోమ పుట్టకుండా చూసే పని మన వాకిట్లోనే ఉంది.

ఈ విషయంలో పాత కరీంనగర్‌ నుంచి ఏర్పడ్డ పెద్దపల్లి జిల్లా దారి చూపింది. ఇంటింటికీ ఇంకుడు గుంతలు తవ్వించడం అక్కడ పెద్ద ఉద్యమంలా సాగింది. 2019 స్వచ్ఛ సర్వేక్షణ్‌ గ్రామీణ్‌లో దేశంలోనే మొదటి జిల్లాగా నిలిచింది.

ఇంకుడు గుంత పెద్ద ఇంజినీరింగ్‌ ఏం కాదు. నాలుగడుగుల గుంత తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద చిన్న రాళ్లు, పైన కంకర నింపుతారు. స్నానాల నీళ్లు, బాసన్లు కడిగిన నీళ్లు అందులోకి పోయి భూమిలో ఇంకుతాయి. అన్నం మెతుకులు, నూనె జిడ్డు పోకుండా ముందు ఓ జాలి పెట్టాలి. లేకుంటే గుంత తొందరగా పూడుకుపోతుంది. తాగునీటి బావికి, బోరుకు దూరంగా ఉండాలి. మరుగుదొడ్డి నీళ్లు మాత్రం ఇందులోకి వదలొద్దు.

డెంగీ దోమ కథ వేరు. దానికి మురుగు కాదు, మంచి నీళ్లే కావాలి. కూలర్‌ ట్రే, పూలకుండీ కింది ప్లేటు, మిద్దె మీద పాత టైరు.. ఎక్కడైనా గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి ఆ నీళ్లు పారబోస్తే చాలు. 2020లో మొదలైన ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ పిలుపు వెనుక ఉన్న లెక్క ఇదే. పిలుపు పాతబడినా లెక్క పాతబడలేదు.

చెత్తకు ధర కట్టిన ఊరు

ఆదిలాబాద్‌ జిల్లా ఇచ్చోడ మండలంలో ముఖ్రా(కె) అని ఒక చిన్న ఊరుంది. గాడ్గె మీనాక్షి సర్పంచ్‌గా ఉన్న రోజుల్లో ఆ ఊరు తడి చెత్తతో వర్మీ కంపోస్ట్‌ తయారుచేసి అమ్మింది. పంచాయతీకి లక్షల్లో ఆదాయం వచ్చింది. మనం పారేసే పొట్టు, తొక్కలే అక్కడ పైసలయ్యాయి.

ఇందులో రహస్యం వానపాముల్లో లేదు, ఇంటింటా చెత్త వేరు చేయడంలో ఉంది. తడి చెత్తలో ఒక్క పాల ప్యాకెట్‌ ముక్క పడ్డా ఎరువు పాడవుతుంది. అంటే ఊరి కంపోస్ట్‌ షెడ్డు పని మన వంటింట్లోనే మొదలవుతుంది.

ఫ్లాట్‌లో ఉన్నా చేయొచ్చు. అడుగున, పక్కన రంధ్రాలు పెట్టిన పాత బకెట్‌ తీసుకోండి. ఒక వంతు కూరగాయల తొక్కలు, రెండు వంతుల ఎండుటాకులు పొరలుపొరలుగా వేయండి. మధ్యలో కాస్త పుల్లటి మజ్జిగ చల్లండి. వారానికోసారి కలపండి. వాసన వస్తే తడి ఎక్కువైందన్నట్టు, ఇంకొన్ని ఎండుటాకులు వేయాలి. రెండు నెలల్లో నల్లటి ఎరువు చేతికొస్తుంది. మిద్దె మీది కొత్తిమీరకు, టమాటకు అదే చాలు.

దావత్‌ తర్వాత..

ఇంట్లో ఎంత జాగ్రత్తగా ఉన్నా, ఒక్క దావత్‌తో లెక్క తప్పుతుంది. ప్లాస్టిక్‌ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలను 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు. అయినా ఫంక్షన్‌ తర్వాత ఊరి బయట చూస్తే తెలుస్తుంది. పొరుగునున్న సిద్దిపేట జిల్లా ఊళ్లు దీనికి స్టీల్‌ బ్యాంకులు పెట్టుకున్నాయి. ప్లేట్లు, గ్లాసులు అక్కడినుంచి తెచ్చుకొని, కడిగి తిరిగి ఇవ్వాలి. మన అడవి జిల్లాలకు ఇంకో దారి కూడా ఉంది, మోదుగాకు విస్తరి. తిన్నాక అది పశువుకో, పెంటకుప్పకో పోతుంది.

స్టీల్‌ ప్లేట్లు అనగానే మళ్లీ అదే ప్రశ్న. రెండు వందల ప్లేట్లు ఎవరు కడగాలి? ఇంట్లో ఆడవాళ్లే అంటే వచ్చే ఏడాది మళ్లీ ప్లాస్టిక్కే దిక్కవుతుంది. తిన్నవాళ్లు తిన్న ప్లేటు కడిగితే ఆ బరువే ఉండదు.

ఒక్కరు చేస్తే చాకిరీ, కలిసి చేస్తే బతుకుదెరువు

ఉట్నూర్‌ వైపు ఆదివాసీ ఆడబిడ్డలు ఈ మాటను నిజం చేసి చూపిస్తున్నారు. ఎండాకాలం మొదట్లో తెల్లారేసరికి ఇప్పచెట్ల కింద పూలు రాలి ఉంటాయి. ఏరి, ఎండబెట్టి దాచుకుంటారు. ఇప్పపువ్వు అనగానే చాలామందికి సారానే గుర్తొస్తుంది. వీళ్లు మాత్రం దానికి పల్లీలు, నువ్వులు, బెల్లం కలిపి లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఆదిలాబాద్‌ జిల్లా ఇప్పపువ్వు వంటకాల గురించి 2025 మార్చి ‘మన్‌ కీ బాత్‌’లో ప్రధాని కూడా ప్రస్తావించారు.

ఏరడం, ఎండబెట్టడం, దంచడం, ఉండలు చుట్టడం.. పని అంతే ఉంది. ఒక్కరే చేసినప్పుడు ఎవరికీ కనబడని చాకిరీ అది. పదిమంది పంచుకునేసరికి పని తేలికైంది, పైసలొచ్చాయి, పేరూ వచ్చింది. ఇంటికీ అదే సూత్రం.

ఈ ఆదివారం నుంచే..

ఫ్రిజ్‌ మీద ఓ కాగితం అతికించండి. పని పక్కన పేరు రాయండి. ఒకే పేరు రెండుసార్లు రావొద్దు.

* ఆదివారం పది గంటలకు కూలర్‌, కుండీలు, డ్రమ్ముల నీళ్లు చూసేది: పిల్లలు.
* తడి చెత్త, పొడి చెత్త వేరుగా వెళ్తున్నాయో లేదో చూసి బకెట్‌ కలిపేది: అన్న.
* జొన్నలు కొని గిర్నీ పట్టించి తెచ్చేది: బాపు.
* రొట్టె తట్టుడు నేర్పేది: అవ్వ. నేర్చుకునేది: మిగతా అందరూ.
* పాత చీరలు, ప్యాంట్లతో సంచులు కుట్టించి బండి డిక్కీలో పెట్టేది: అక్క.

అమ్మ పేరు ఎక్కడుంది అంటారా? మొదటి వారం ఆమె పేరు రాయకండి. రొట్టె వేడిగా ఉండంగనే ముందు ఆమెకు పెట్టండి. ఇన్నేండ్లు అందరికీ కాల్చిపెట్టి చివరికి ఆమె తిన్నది చల్లారిన రొట్టెనే.