ప్రొటెస్టు: ఎదిరించుటయా, సాక్ష్యమిచ్చుటయా?

ఆంగ్ల వార్తలలో ‘ప్రొటెస్టు’ అన్న మాట చెవిని పడగానే ఊరేగింపులు, నినాదములు మన కన్నులకు కట్టును. నిరసించుట, ఆక్షేపించుట అని దానికి మనము అర్థము చెప్పుకొందుము. అది తప్పు కాదు. కాని అది సగము అర్థమే.

లాటిను భాషలో ‘టెస్టిస్’ అనగా సాక్షి. నలుగురి ఎదుట సాక్ష్యముగా ప్రకటించుట ఈ క్రియకు మూలార్థము. 1529లో జర్మనీయందలి స్పైయరు సభలో లూథరు పక్షమువారు తమ విశ్వాసమును గూర్చి చేసిన ప్రకటన వలననే ‘ప్రొటెస్టెంటు’ అన్న పేరు పుట్టినది. ప్రామిసరీ నోటు సొమ్ము చెల్లలేదని నోటరీ ఇచ్చు ధ్రువపత్రమునకు 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టములో ‘ప్రొటెస్టు’ అనియే పేరు. అక్కడ కేకలు లేవు, సాక్ష్యమే కలదు.

ముద్దాయి తన నిర్దోషిత్వమును ‘ప్రొటెస్టు’ చేసెనని ఆంగ్లములో ఉన్నదనుకొందము. దానిని ‘నిర్దోషిత్వమును ఖండించెను’ అని తెనిగించినచో ఆ అభాగ్యుని నోటనే నేరము ఒప్పించినట్లగును! తాను నిర్దోషినని గట్టిగా చెప్పుకొనెనని దాని భావము. ఎదిరించుట అన్న అర్థములో బ్రిటిషు వాడుక ప్రకారము దీని తరువాత ‘ఎగెనెస్ట్’ చేర్చవలెను. అమెరికావారు అది లేకయే వాడుదురు. రేడియో వినువారు ఇంకొకటి గమనింపవచ్చును: నామవాచకమైనప్పుడు ఊనిక మొదటి అక్షరముపై, క్రియ అయినప్పుడు రెండవ దానిపై పడును.

దీనికి దగ్గరి మాట ‘డిసెంట్’. వేరుగా తలచుట, అనగా అసమ్మతి, దాని అర్థము. ఈ రెండింటికిని ఉదాహరణములు మన ఉత్తరాంధ్రలోనే కలవు. తెలుగు వ్యాసరచనలో ఏ భాష వాడవలెనను విషయమై మద్రాసు విశ్వవిద్యాలయపు ఉపసంఘము నివేదిక సమర్పింపగా, విజయనగరమునకు చెందిన గురజాడ అప్పారావుగారు దానికి సమ్మతింపక 1914లో తమ అసమ్మతి పత్రమును ఆంగ్లములో వ్రాసిరి. వాడుక భాష పక్షమున తమ వాదమును కాగితముపై నిలిపిరి. అది డిసెంట్.

శ్రీకాకుళము సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమున అధికభాగము పర్లాకిమిడిలో గడపిరి. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి ఆ ఊరు అందులో చేరగా, నిరసనగా దానిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. అప్పటికి వారికి డెబ్బది మూడవ యేడు నడచుచుండెను. పర్లాకిమిడి మరల తెలుగు రాష్ట్రములోనికి రాలేదు. కాని ఆ ప్రయాణము వృథా యని ఎవరనగలరు? తాము నమ్మినదానికి ఆ వృద్ధుడు తమ ఇంటిని విడిచి సాక్ష్యమిచ్చినారు. ప్రొటెస్టు అన్న పదములోని ఆ రెండవ సగము అదియే.