మందకు మందుస్నానము – ఉన్నికి రక్షణము

హిందూపురమనగా చింతపండు సంతయు, పెనుకొండ యనగా 1565లో తళ్ళికోట యుద్ధము పిమ్మట విజయనగర ప్రభువులు చేరిన కోటయు, ధర్మవరమనగా పట్టుచీరయు చదువరులకు స్ఫురించును. ఈ మూడు పట్టణముల నడుమ, పెన్నా చిత్రావతీ నదుల పరీవాహమునందలి రాతినేలపై మేయు గొర్రెను తలచువారు అరుదు. పూర్వపు అనంతపురము జిల్లాలో భాగమై, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ సీమ వానకు మొగము వాచినది. అనంతపురము సీమలో ఏటికి సగటున పడు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుసెనగ పైరు మాడిపోయిన యేట పెక్కు కుటుంబములను నిలిపినవి రొప్పములోని జీవములే.

ఈ జీవములను తరతరములుగా సాకుచున్నవారిలో కురుబలు ముఖ్యులు. వీరి గొర్రెలలో నెల్లూరు జాతి పొడవైన కాళ్ళతో, పొట్టి వెండ్రుకలతో నుండును. దానినుండి ఉన్ని రాదు. కర్ణాటక దిక్కున కనబడు బళ్ళారి జాతియు, దక్కని జాతియు ముతక ఉన్ని నిచ్చును. ఆ ఉన్నిని స్త్రీలు వడుకగా, పురుషులు గుంటమగ్గముపై నేయుదురు. పడుగునకు చింతగింజల గంజి పట్టించుట వాడుక. నల్లని ఉన్నికి వేరొక రంగుతో పనిలేదు. అట్లు సిద్ధమైన గొంగళి కాపరికి ఎండలో గొడుగు, వానలో గుడిసె, చలిలో పరుపు. బీరప్ప కొలువులో దేవర ఆసనము.

అంతటి ఉన్నికి గొప్ప శత్రువు కంటి కానని పురుగు. గొర్రె గజ్జిని కలిగించు సూక్ష్మకీటకము చర్మముపై నివసించి దానిని గాయపరచును. ఆ చోట రసి యూరి, ఎండి, పొలుసు కట్టును. గొర్రె దురద కోర్వలేక రాతికిని, కంచెకును ఒరసికొనును. ఉన్ని కుచ్చులు కుచ్చులుగా ఊడిపోవును. మేత మాని పశువు చిక్కును. ఇక పేను పట్టిన గొర్రె తన ఉన్నిని తానే కొరికి చిక్కుపరచుకొనును. గోమార్లు రక్తము పీల్చి బలహీనపరచును. కంపపై చిక్కిన ఒక్క ఉన్నికుచ్చు చాలును, గజ్జి ఒక మందనుండి వేరొక మందకు ప్రాకుటకు.

దీనికి విరుగుడుగా పుట్టినదే మందుస్నానము. పూర్వము పొగాకు కషాయమును, సున్నమును గంధకమును కాచిన నీటిని వాడిరి. ఇంగ్లండులో పశువైద్యుడు విలియం కూపర్ 1852లో ఆర్సెనికును గంధకమును చేర్చి ఒక పొడిని తయారుచేయగా, అది దేశదేశములకు వ్యాపించెను. విడువక మందలను ముంచియు, కట్టడి చేసియు ఆస్ట్రేలియా 1896 నాటికి గొర్రె గజ్జిని నిర్మూలించెను. బ్రిటను 1952లో ఆ పని సాధించినను, రెండు దశాబ్దములు దాటిన పిమ్మట ఆ వ్యాధి తిరిగి ప్రవేశించినది. జాగరూకత సడలినచోట విజయము నిలువదని దీనివలన తెలియుచున్నది.

ఐతే పురుగును చంపు మందు ఉన్నిని చంపరాదు గదా! ఇక్కడనే అసలు చిక్కు. ఉన్ని కెరటిన్ అను మాంసకృత్తు. క్షారము దానికి పరమ శత్రువు. పాఠశాల ప్రయోగశాలలో ఉపాధ్యాయుడే జాగ్రత్తగా కాస్టిక్ సోడా ద్రావణమును వేడిచేసి, అందొక ఉన్నిపోగును, ఒక నూలుపోగును వేసి చూపవచ్చును: నూలు నిలుచును, ఉన్ని కరగిపోవును. సున్నము పాలు హెచ్చిన మందునీరు ఉన్నిని పెళుసుగను, గరుకుగను చేయుటకు కారణ మిదియే. మందులో పొరపాటు లేకున్నను, పేడయు బురదయు కలిసిన తొట్టినీరు మరకలు పెట్టును. గుర్తుకై తారు పూసిన ఉన్ని ఎంత కడిగినను శుభ్రపడదు. పల్లేరుకాయలు చిక్కిన ఉన్ని వడుకువారి వ్రేళ్ళను గాయపరచును.

కావున కాలమును, క్రమమును పాటింపవలెను. ఉన్ని కత్తిరించిన రెండు మూడు వారములకు స్నానము చేయించుట మేలు. అప్పటికి కత్తెరగాట్లు మానును. మందు నిలుచుటకు చాలినంత బొచ్చు మొలచును. తరువాతి కోతకు చాల వ్యవధి యుండును గనుక మందు శేషము ఉన్నిలో మిగులుట తగ్గును. కోతకు ముందే ముంచినచో ఆ శేషము ఉన్నిలోని జిడ్డును పట్టుకొని, కోసిన చేతికిని వడికిన చేతికిని చేరును. తడి ఆరని ఉన్నిని మూటగట్టినచో అది పసుపువన్నె తిరుగును.

స్నానమునకు ఎండకాయు దినమున ఉదయకాలము తగినది. గొర్రెలకు ముందుగా నీరు త్రాగించవలెను. లేనిచో దప్పికచే మందునీటినే త్రాగును. చూలు నిండినవానిని, పుండ్లున్నవానిని వేరుపరుపవలెను. గజ్జి పట్టిన గొర్రెను సుమారొక నిమిషము తొట్టిలో ఉంచి, తలను ఒకటి రెండుసార్లు ముంచి వెంటనే పైకెత్తవలెను. మొదట దిగిన గొర్రెల బొచ్చు, కొన్ని మందులను నీటికంటె హెచ్చుగా పీల్చుకొనును. అందుచే తొట్టిలోని నీరు క్రమముగా పలుచబడును. మందుపై వ్రాసిన లెక్క ప్రకారము మధ్యమధ్య మందు చేర్చకున్నచో చివరి గొర్రెకు దక్కునది వట్టి నీరే. పెక్కు మందులు గ్రుడ్లను చంపజాలవు. గ్రుడ్డునుండి పెరిగిన పురుగు తిరిగి గ్రుడ్లు పెట్టకమునుపే, సాధారణముగా పది పదునాలుగు దినముల లోపల, రెండవమారు ముంచుట అందుకే.

ఇంతకంటె ముఖ్యమైన నియమ మొకటి కలదు: ఊరిలోని మందలన్నియు ఒక్క పర్యాయమే స్నానమాడవలెను. పది మందలు శుభ్రపడి, ఒక్కటి మిగిలినను కొలది దినములలో వ్యాధి మరల వచ్చును. ఒరుగుకంపకు చిక్కిన ఉన్నిని కాల్చి, రొప్పమును కొన్నివారములు ఖాళీగా నుంచుటయు అవసరమే. ఒకరి అశ్రద్ధ పదిమంది శ్రమను వ్యర్థపరచునను నీతిని బాలురకు ఇంత స్పష్టముగా చూపు ఉదాహరణము మరొకటి దొరకుట కష్టము.

మందులును కాలముతో మారినవి. గమాక్సిన్ పేర పల్లెలకు పరిచితమైన బి.హెచ్.సి. 1997లో భారతదేశమున నిషేధింపబడినది. ఆ స్థానమున సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటివి వచ్చినవి. ఇవి చేపలకు ఘోరవిషములు. వాడిన నీటిని చెరువులోగాని వంకలోగాని వదలుట మహాపరాధము. నీటికే కరవైన సీమలో ఈ మాట మరింత తలపదగినది. మందు కలుపువారు చేతితొడుగులు ధరింపవలెను. జపానుదేశపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవినుండి పుట్టిన ఐవర్‌మెక్టిన్ సూదిమందు గజ్జిపై పనిచేయును. దాని పరిశోధకులు ఒమురా, కాంబెల్‌లకు 2015లో నోబెల్ బహుమానము లభించినది. ఐనను ఉన్నిని చర్మపుపొట్టును కొరికి బ్రతుకు పేనుపై ఆ సూది అంతగా పనిచేయదు. కావున మందుస్నానమునకు నేటికిని కాలము చెల్లలేదు. ఏ వ్యాధికి ఏ మందో పశువైద్యుని అడిగి తెలిసికొనుటయే క్షేమము.

తొట్టియు, మందును, నియమమును ఉన్నను ఒక ప్రశ్న మిగిలియున్నది. దక్కనులో అనేకచోట్ల ముతక ఉన్ని ధర దానిని కత్తిరించు కూలికైనను చాలుట లేదు. కాపరి మాంసమునకై వెండ్రుకజాతి పొట్టేళ్ళను మందలో కలుపుకొనుచున్నాడు. కోసిన ఉన్ని దిబ్బపాలగుచున్నది. విలువలేని వస్తువును ఎవరు కాపాడుదురు? గొర్రె మాంసమునకై మాత్రమే బ్రతికిన నాడు, మందు కలుపువాడు చర్మమును చూచునేగాని ఉన్నిని చూడడు. గొంగళి కొనువారుండినచో వడుకువారుందురు. వడుకువారుండినచో మరకలేని ఉన్నికి ధర పలుకును. ధర పలికినచో కాపరి మందును కొలిచి కలుపును. ధర్మవరపు పట్టునకు దేశమంతట అంగళ్ళున్నవి. ఆ ఊరి వెలుపల మేయు నల్లగొర్రె ఉన్నికి ఒక్క నమ్మకమైన అంగడి దొరకినచో, ఈ సీమ గుంటమగ్గము మరికొన్ని తరములు ఆడును.