తేదీ గడికీ గడువుంది!

పాప 2018లో పుట్టింది. ఆ ఏడాదే ఆమె పేరిట సుకన్య సమృద్ధి ఖాతా తెరిచారనుకోండి. ఇరవై ఒక్కేళ్లకు, అంటే 2039లో దాని గడువు తీరుతుంది. పాస్‌పుస్తకంలో పెన్నుతో '2039' అని రాయడానికి క్షణం పట్టదు. కంప్యూటర్లో అయితే తేదీ దాచే గడి సరైనది కాకపోతే ఆ ఏడాదిని అసలు లోపలికే రానివ్వదు! ఏ బ్యాంకునో, ఏ పోస్టాఫీసునో తప్పుపట్టడానికి చెబుతున్న మాట కాదిది. ఇంటి అప్పు, బీమా పాలసీ, పింఛను... ఇరవయ్యేళ్ల ముందుకు తేదీ వేసే ఏ వ్యవహారానికైనా ఇదే లెక్క.

డేటాబేస్ అంటే కంప్యూటర్లో ఉండే పెద్ద చిట్టా పుస్తకం. రైలు రిజర్వేషన్, కరెంటు బిల్లు, ఆస్పత్రి చీటీ అన్నీ అందులోనే. ఆ పుస్తకానికి గళ్లు గీసేటప్పుడే ఇది పేరు రాసే గడి, ఇది అంకెల గడి, ఇది తేదీ గడి అని చెప్పేయాలి. ఎంత వెడల్పో కూడా అప్పుడే తేలిపోతుంది. చిక్కంతా ఆ వెడల్పుతోనే.

స్కూటర్ మీటరు లెక్క

మనం రోజులు, నెలలు అంటాం. చాలా కంప్యూటర్లకు అవేమీ పట్టవు. 1970 జనవరి 1 అర్ధరాత్రి, గ్రీన్‌విచ్ కాలమానం ప్రకారం, సున్నా. అక్కణ్నుంచి ఎన్ని సెకన్లు గడిచాయన్నదే వాటి తేదీ. యునిక్స్ అనే వ్యవస్థతో మొదలైన అలవాటిది. ఆ సెకన్లను దాచడానికి 32 బిట్ల చోటు ఇచ్చారు. ఒక బిట్టు కూడికా తీసివేతా అన్న గుర్తుకే పోగా, మిగిలిన దాంట్లో పట్టే పెద్ద అంకె 214 కోట్ల 74 లక్షల 83 వేల 647.

ఆ సెకను 2038 జనవరి 19న వస్తుంది. మంగళవారం, మన గడియారం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. డాలస్‌లోని మనవాళ్లకు అప్పటికింకా సోమవారం రాత్రే. ఆ తర్వాత? పాత స్కూటర్ మీటరు తొమ్మిదులన్నీ నిండాక మళ్లీ సున్నాలకు వచ్చినట్టు, ఈ లెక్క గిర్రున వెనక్కి తిరిగి 1901 డిసెంబరు 13 దగ్గర తేలుతుంది.

వెబ్‌సైట్ల వెనక ఎక్కువగా కనిపించే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. అందులో 'టైమ్‌స్టాంప్' అనే గడి హద్దు సరిగ్గా ఇదే. కాకపోతే అది వెనక్కి తిరగదు. 2039 అని ఇస్తే తప్పు అంటుంది. లేదంటే, సెట్టింగును బట్టి, తేదీ చోట వరసగా సున్నాలు రాసుకుంటుంది. నన్నడిగితే రెండోదే ప్రమాదం. తప్పన్నదాన్ని ఎవరో ఒకరు చూస్తారు, సున్నాలను ఎవరు చూస్తారు?

అప్పటిదాకా ఆగక్కర్లేదు

2038కి ఇంకా టైముంది కదా అనుకోవద్దు. 2006 మేలోనే ఏఓఎల్‌సర్వర్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఈ దెబ్బ తగిలింది. ఒక పనికి 'గడువే లేదు' అని చెప్పడానికి దాన్ని వాడినవాళ్లు 100 కోట్ల సెకన్లు అని రాసి పెట్టుకున్నారు. అంటే దాదాపు 31 ఏళ్ల 8 నెలలు. మే నెలలో ఒక రాత్రి 'ఇప్పుడు' ప్లస్ '100 కోట్లు' 2038 గీత దాటింది. సర్వర్లు కూలబడ్డాయి.

2022 కొత్త సంవత్సరం రోజున మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ మెయిళ్లు ప్రపంచమంతటా సర్వర్లలోనే ఇరుక్కుపోయాయి. వైరస్‌లను పట్టే భాగం ఏడాది, నెల, రోజు వరసగా పేర్చి 2201010001 అని ఒకే అంకె తయారుచేసింది. అదేమో 220 కోట్లు. గడిలో పట్టేది 214 కోట్లే!

ఇలాంటి బెడదే మన ఊళ్లకు ఒకప్పుడు ఉపాధి చూపించింది. ఏడాదికి రెండంకెలే చోటిచ్చిన పాత ప్రోగ్రాములు 2000ను 1900 అనుకోకుండా సరిదిద్దడానికి అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని అమెరికా విమానమెక్కిన తెలుగు కుర్రాళ్లు ఎందరో. 'వైటూకే' అన్న మాట ఇంటింటికీ తెలిసింది అప్పుడే.

రాయలవారికి చోటు లేదు

ముందుకే కాదు, వెనక్కీ హద్దులుంటాయి. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని పాత 'డేట్‌టైమ్' గడి 1753 జనవరి 1తో మొదలవుతుంది. ఎందుకంటే బ్రిటన్ తన క్యాలెండరును 1752లో మార్చుకుంది. సెప్టెంబరు 2 తర్వాతి రోజును 14 అని పిలిచారు. మధ్యలో పదకొండు తేదీలు లేనే లేవు. ఆ గొడవ మనకెందుకని గడి గీసినవాళ్లు 1753 నుంచే మొదలెట్టారు. మ్యూజియం వాళ్లు 1509 నాటి కృష్ణదేవరాయల పట్టాభిషేకాన్ని అందులో తేదీగా రాసుకోలేరు. 2008లో వచ్చిన 'డేట్‌టైమ్2' ఒకటో సంవత్సరం నుంచీ లెక్క పెడుతుంది. పోస్ట్‌గ్రెస్ అయితే రెట్టింపు వెడల్పు గడి గీసి 2,94,276వ సంవత్సరం దాకా చోటిచ్చింది. అంత దూరం ఎవరికి పని!

మార్చేస్తే పోలా?

పోదు. కోట్ల వరసలున్న పుస్తకంలో ఒక నిలువు గడిని వెడల్పు చేయాలంటే చాలాసార్లు పుస్తకమంతా తిరగరాయాలి. 2013లో మైఎస్‌క్యూఎల్ 5.6 వచ్చినప్పుడు సెకనులో పది లక్షోవంతులు కూడా దాచేలా తేదీ గళ్ల తీరు మార్చారు. పాత పట్టికలు పాత తీరులోనే నడిచాయి. వాటిని కొత్త తీరుకు మార్చాలంటే మొత్తం కాపీ చేయాల్సి వచ్చేది. పెద్ద పట్టికైతే గంటల పని.

పోనీ టైమ్‌స్టాంప్ తీసేసి 9999 దాకా పట్టే 'డేట్‌టైమ్' పెడదామంటే అర్థమే మారిపోతుంది. టైమ్‌స్టాంప్ గ్రీన్‌విచ్ సమయాన్ని దాచి, చూసేవాళ్ల ఊరి టైముకు మార్చి చూపిస్తుంది. డేట్‌టైమ్ గోడ గడియారంలాంటిది. రాసింది రాసినట్టే ఉంచుతుంది. హైదరాబాద్‌లో ఉదయం 8 అని రాస్తే డాలస్ సర్వర్‌లోనూ 8 అనే చూపిస్తుంది. రెండు దేశాల్లో ఆఫీసులున్న కంపెనీకి అది ఎంత తలనొప్పో చెప్పనక్కర్లేదు.

ఖాళీగా ఉన్న సగం

మైఎస్‌క్యూఎల్‌ను తయారుచేసినవారిలో ఒకరు ఫిన్లాండ్‌కు చెందిన మైకేల్ విడేనియస్. పెద్ద కూతురు 'మై' పేరు దానికి పెట్టాడు. తర్వాత అందులోంచి వేరు కుంపటి పెట్టి, చిన్న కూతురు మరియా పేరుతో మరియాడీబీ తెచ్చాడు. ఆ మరియాడీబీ వాళ్లు 2024లో, 11.5 వర్షన్‌లో ఒక చమత్కారం చేశారు.

టైమ్‌స్టాంప్‌లో 1970కి ముందు తేదీలు ఎప్పుడూ లేవు. అంటే తీసివేత గుర్తు కోసం వదిలిన బిట్టు ఇన్నేళ్లూ ఊరికే పడి ఉంది. దాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. గడి వెడల్పు అంతే, పాత అంకెలు అవే. తిరగరాసే పనే లేదు. హద్దు మాత్రం 68 ఏళ్లు ముందుకు జరిగింది. 64 బిట్ల యంత్రాల్లోనే సుమా. పొదుపుగా చేసిన పని, నాకు నచ్చింది.

అయినా చిన్న మెలిక మిగిలింది. చరిత్రను దాచిపెట్టే కొన్ని పట్టికల్లో 'ఈ వరస ఇంకా చెల్లుతుంది' అని చెప్పడానికి గడిలో పట్టే ఆఖరి క్షణాన్నే గుర్తుగా రాసేవారు. అంటే 2038 జనవరి 19. హద్దు జరగ్గానే ఆ గుర్తు 'చెల్లుతుంది'లా కాక మామూలు తేదీలా కనిపిస్తుంది. అందుకే అలాంటి పట్టికలను మాత్రం విడిగా సరిచేయాల్సి వచ్చింది. 2050 అని రాసిన వరసను ఇంకా పాత వర్షన్‌లో ఉన్న సర్వర్‌కు పంపితే దానికి అర్థం కాదు. కాబట్టి ఏది ముందు మార్చాలి, ఏది తర్వాత అన్న వరస రాసుకోవాలి.

ఇక కొత్త హద్దు 2106 ఫిబ్రవరి 7. మన టైము ప్రకారం మధ్యాహ్నం పన్నెండుకు రెండు నిమిషాల లోపు. ఆ రోజు ఆదివారం.