ఎండలో కారు ఆగిపోతోందా? సెన్సర్ కొనే ముందు వైరు చూడాలి

కల్లూరు నుంచి కడపకు కారులో పోవాలంటే నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా సుమారు 200 కిలోమీటర్లు. పెళ్లికో, పెద్ద దర్గా ఉరుసుకో ముసలివాళ్లను, పిల్లలను ఎక్కించుకుని బయల్దేరితే నడిదారిలో బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు. అరగంట చెట్టు నీడన నిలబెట్టి మళ్లీ తాళం తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. కొంత దూరం పోయాక మళ్లీ అదే కథ.

ఎండ 40 డిగ్రీలు దాటే కర్నూలు, కడప వేసవిలో ఇలా జరిగితే ముందుగా అనుమానించాల్సిన వాటిలో క్రాంక్ సెన్సర్ ఒకటి. పరుగు మీద ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది. ఒకటి రెండుసార్లు తొక్కాక బ్రేకు కూడా గట్టిపడుతుంది. వెనక లారీలు వచ్చే హైవే మీద ఇది ప్రాణాల మీదికి తెచ్చే విషయం. "మళ్లీ స్టార్ట్ అయింది కదా" అని వదిలేయకూడదు.

ఈ సెన్సర్ చేసే పని

ఇంజిన్ లోపల క్రాంక్ షాఫ్ట్ ఎంత వేగంగా తిరుగుతోంది, ఈ క్షణంలో ఏ స్థితిలో ఉంది అన్నది ఈ చిన్న సెన్సర్ కారు కంప్యూటర్‌కు చెబుతుంది. దాన్ని బట్టే స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో, ఇంధనం ఎప్పుడు చిమ్మాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. సమాచారం రాకపోతే చాలా కార్లలో రెండూ ఆగిపోతాయి. కొన్ని సెన్సర్లలో లోపల సన్నని తీగచుట్ట ఉంటుంది. అది పాతబడితే వేడికి తీగ సాగి కనెక్షన్ వదులుతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. అందుకే షెడ్డుకు తీసుకుపోయే సరికి బండి బాగానే ఉంటుంది.

కోడ్ చూసి తొందరపడొద్దు

2013 తర్వాత వచ్చిన చాలా కార్లలో డాష్‌బోర్డు కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. చిన్న స్కానర్ పెట్టి ఫోన్‌లోనే కోడ్ చదవొచ్చు. పీ0335 అని వస్తే చాలామంది నేరుగా కొత్త సెన్సర్ కొనేస్తారు. డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఆ కోడ్‌కు అర్థం "క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం" అని మాత్రమే. సర్క్యూట్ అంటే సెన్సర్ ఒక్కటే కాదు, దాని వైర్లు, కనెక్టర్ కూడా. ఎలుక కొరికిన వైరు ఉన్నా, తుప్పు పట్టిన పిన్ను ఉన్నా అదే కోడ్ వస్తుంది. అలాంటప్పుడు ఎన్ని కొత్త సెన్సర్లు మార్చినా బండి మళ్లీ ఆగుతుంది.

బండి ఆగిపోయిన సమయంలోనే స్కానర్‌లో లైవ్ డేటా తెరిచి సెల్ఫ్ కొట్టి చూడాలి. ఇంజిన్ తిరుగుతున్నా ఆర్‌పీఎం సున్నా దగ్గరే ఉంటే లోపం ఈ సర్క్యూట్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. ఆర్‌పీఎం సరిగ్గా కనిపిస్తుంటే ఫ్యూయల్ పంపు వంటివి చూడాలి.

ఎక్కడుంటుంది, ఎలా పరీక్షించాలి

చాలా కార్లలో ఇది ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట గానీ, ముందువైపు క్రాంక్ పుల్లీ పక్కన గానీ ఉంటుంది. కారు మోడల్ రిపేర్ మాన్యువల్‌లో చోటు ఖాయం చేసుకోవాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టాలి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి, కనెక్టర్ విప్పి, పిన్నుల మీద ఆయిల్, పచ్చటి తుప్పు ఉన్నాయేమో, వైరు ఎక్కడైనా నలిగిందేమో చూడాలి.

రెండు వైర్ల సెన్సర్ అయితే మల్టీమీటర్‌తో ఓమ్స్ కొలిచి మాన్యువల్‌లోని అంకెతో పోల్చాలి. రీడింగ్ అసలు రాకపోతే లోపల తీగ తెగినట్టే. చల్లగా ఉన్నప్పుడు సరైన రీడింగ్ వచ్చినంత మాత్రాన సెన్సర్ మంచిదని చెప్పలేం. మూడు వైర్లది సాధారణంగా హాల్ రకం. దానికి ఓమ్స్ కొలత పనికిరాదు. బ్యాటరీ మళ్లీ తగిలించి, ఇగ్నిషన్ ఆన్ చేసి కనెక్టర్‌కు కరెంటు, ఎర్త్ వస్తున్నాయో లేదో చూడాలి. అవి రాకపోతే లోపం సెన్సర్‌లో కాదు, వైరింగ్‌లో.

మార్చడం

వైర్లు బాగున్నాయని తేలాకే సెన్సర్ కొనాలి. మోడల్ పేరొక్కటే చాలదు, దుకాణంలో 17 అక్షరాల ఛాసిస్ నంబరు చూపించాలి. పాత సెన్సర్ పక్కన పెట్టి పొడవు, కనెక్టర్ ఆకారం సరిచూసుకోవాలి.

బ్యాటరీ నెగటివ్ మళ్లీ తీసి పని మొదలుపెట్టాలి. చాలా కార్లలో సెన్సర్‌ను పట్టి ఉంచేది ఒక్క బోల్టే, తరచుగా 10 నంబరు పానా పడుతుంది. బోల్టు తీసి సెన్సర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ లాగాలి. సుత్తితో కొడితే విరిగి సగం లోపలే ఉండిపోతుంది. రంధ్రం చుట్టూ మట్టి తుడిచి, కొత్త ఓ-రింగుకు కాస్త ఇంజిన్ ఆయిల్ రాసి, పూర్తిగా కూర్చున్నాకే బోల్టు బిగించాలి. బలమంతా పెట్టి బిగిస్తే ప్లాస్టిక్ చెవి పగులుతుంది. తర్వాత కనెక్టర్ "టక్" మనేదాకా నొక్కి, బ్యాటరీ తగిలించి, కోడ్ చెరిపేయాలి. కొన్ని మోడళ్లలో కొత్త సెన్సర్‌ను కంప్యూటర్‌కు పరిచయం చేసే పని ఉంటుంది, అది స్కానర్ ఉన్న షెడ్డులో చేయించాలి.

సెన్సర్ బండి కింది నుంచే అందేలా ఉంటే మాత్రం ఒట్టి జాకీని నమ్మి కిందకి దూరకూడదు. జాకీ జారితే తప్పించుకునే టైం ఉండదు. స్టాండ్లు లేకపోతే ఆ పని షెడ్డుకే వదిలేయడం మంచిది.

పని అయ్యాక నేరుగా దూరప్రయాణం పెట్టుకోవద్దు. మధ్యాహ్నం ఎండలో కల్లూరు చుట్టుపక్కలే గంటసేపు నడిపి, ఆపి, వెంటనే మళ్లీ స్టార్ట్ చేసి చూడాలి. వేడి మీద ఉన్న ఇంజిన్ ప్రతిసారీ అందుకుంటూ, కోడ్ తిరిగి రాకుండా ఉంటేనే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని బయల్దేరాలి.