శబ్దం చేయని వాటికే ముందు డబ్బు

మా బావమరిది ఈమధ్య 2011 నాటి స్విఫ్ట్ డీజిల్ కొన్నాడు. మీటరులో 2,10,000 కిలోమీటర్లు. మెకానిక్ రాసిచ్చిన చీటీలో పదకొండు పనులున్నాయి, మొత్తం 70 వేల పైచిలుకు. వాడి చేతిలో ఉన్నది 30 వేలు. "ముందు ఆ టకటక పోగొట్టిద్దాం బావా, గుంత కనిపిస్తే భయమేస్తోంది" అన్నాడు.

పాత బండి కొన్న ఎవరైనా అదే అంటారు. అడగనిదే అమ్మైనా పెట్టదని సామెత కదా, మనమూ అరిచే భాగానికే పెడతాం. బండిని నిలువునా ముంచేవి మాత్రం చాలావరకు నోరు మెదపని భాగాలే.

2,10,000 కిలోమీటర్లంటే ఏమిటో చూద్దాం. సగటు వేగం గంటకు 40 అనుకుంటే ఇంజిన్ 5,250 గంటలు నడిచింది. నిమిషానికి సగటున 1,800 చుట్లు వేసుకున్నా మొత్తం దాదాపు 57 కోట్ల చుట్లు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ కాబట్టి రెండు చుట్లకొకసారి ప్రతి సిలిండరూ మండుతుంది. అంటే ఒక్కో ఇంజెక్టరు 28 కోట్లకు పైగా సార్లు డీజిల్ చిమ్మింది. ఆ తరం కామన్ రైల్ ఇంజిన్లలో డీజిల్ ఒత్తిడి 1,400 బార్లు దాటుతుంది. టైరులో మనం కొట్టించే గాలి 2 బార్లకు కాస్త ఎక్కువ. ఇంత చాకిరీ చేసిన యంత్రంలో ఏది ముందు బాగుచేయించాలో తేల్చడానికి నేను ప్రతి పనికీ రెండే ప్రశ్నలు వేస్తాను. ఇది పాడైతే ఏం పోతుంది? పాడయ్యే ముందు చెబుతుందా?

ప్రాణం పోయే పనికి బేరం లేదు. బ్రేక్ ఆయిల్‌నే తీసుకోండి. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటూ పోతుంది. తడి పట్టిన ఆయిల్‌కు ప్రమాణం 155 డిగ్రీలే. తిరుమల కొండ దిగే దారి 19 కిలోమీటర్లు. 40 నిమిషాలకు ముందే దిగకూడదన్న నిబంధన ఉంది. అంతసేపూ పాత ఆయిల్‌తో, బ్రేకు మీద కాలుపెట్టి దిగే బండిని ఊహించుకోండి. ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ దూదిలా లోపలికి పోతుంది. అప్పటిదాకా చిన్న శబ్దం కూడా రాదు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించండి, ఘాట్ రోడ్డులో రెండో గేరులో దిగండి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టం కూడా ఒప్పుకోదు. గాడి బాగున్నా వయసు తెలియడానికి టైరు పక్కనున్న నాలుగంకెలు చదవండి: 2318 అని ఉంటే అది 2018లో 23వ వారం తయారైన టైరు.

ఆ తర్వాతి వరుస, వందల రూపాయల నిర్లక్ష్యం ఇంజిన్‌నే మింగేసే పనులది. స్విఫ్ట్‌లోని 1,248 సీసీ ఫియట్ ఇంజిన్‌కు టైమింగ్ చైన్ ఉంటుంది. "చైనుకు జీవితాంతం ఢోకా లేదు" అనే మాట సగమే నిజం. దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఇంజిన్‌లో పట్టేది మూడు లీటర్ల చిల్లర ఆయిల్. అందులో అర లీటరు తగ్గిందంటే ఆరో వంతు పోయినట్టే. అందుకే కంపెనీ 10,000 కిలోమీటర్లన్నా ముసలి బండికి 7,500కే మార్పించమంటాను. వెయ్యి కిలోమీటర్లకోసారి, పొద్దున్నే, చదును నేల మీద డిప్‌స్టిక్ తీసి చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు.

మీది డస్టర్ 1.5 డీజిలో, పోలో 1.5 డీజిలో, పాత ఇన్నోవా 2.5 డీజిలో అయితే మాట వేరు. వాటిలో చైన్ కాదు, రబ్బరు బెల్టు. అది తెగితే పిస్టన్లు వాల్వులను గుద్దేస్తాయి. కిలోమీటర్లే కాదు, దానికి ఏళ్ల గడువూ ఉంటుంది. మార్చినట్టు బిల్లు లేదా? మార్చలేదనే లెక్క.

కూలెంట్ దగ్గర మనవాళ్లు చేసే పాపం బోరునీళ్లు. ఆ ఉప్పంతా రేడియేటర్ గొట్టాల్లో గారలా కడుతుంది. ఈ ఇంజిన్‌కు కింద బ్లాకు పోత ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. బండి ఒక్కసారి గట్టిగా కాగితే హెడ్ వంగి గ్యాస్కెట్ పోతుంది. ఉబ్బిన హోస్ పైపు, నలిగిన రేడియేటర్ మూత మార్పించడం దానిముందు టీ ఖర్చు.

డీజిల్ ఫిల్టర్‌దీ అదే కథ, దాన్ని వదిలేస్తే దెబ్బ ఇంజెక్టర్లకు. చీటీలో "నాలుగు ఇంజెక్టర్లు మార్చాలి" అని ఉంటే వెంటనే తలూపకండి. రిటర్న్ టెస్ట్ చేయించండి. నాలుగింటి నుంచీ వెనక్కి వచ్చే డీజిల్‌ను నాలుగు సీసాల్లో పడితే ఎక్కువ వదిలేది ఏదో కంటికే కనిపిస్తుంది. మా వాడి బండిలో తేడా ఉన్నది ఒక్కటే. అదీ ఆరు నెలలు ఆగగలిగేదే.

క్లచ్ ప్లేటు, షాక్ అబ్జార్బర్, లింక్ రాడ్ చెప్పి మరీ పాడవుతాయి, ఆగనివ్వండి. నాలుగో గేరులో ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ గురించి ఆలోచించండి. టకటకల్లో బాల్ జాయింట్‌ది మాత్రం వేరు. అది ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది. అందుకే శబ్దం ఎక్కడిదో బండి పైకెత్తి చూపించమని అడగాలి. మా వాడిది లింక్ రాడ్డే అని తేలింది. బ్రేకులు, ఆయిల్, కూలెంట్, హోస్‌లు, ఫిల్టర్లు, రెండు టైర్లు కలిపి 26 వేలతో తేలాయి. టకటక అలాగే ఉంది.

పెయింటు, సీటు కవర్ల దాకా వచ్చేముందు ఆర్‌సీ తీసి తేదీ చూడండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే. ఆపైన ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే ఐదేళ్లకు పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ పొడిగింపు రుసుము 600 కాదు, 5,000 రూపాయలు. రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. 2011 బండికి ఆ గడువు 2026లోనే.